టయోటా పికప్‌కు ముందు సాలిడ్ యాక్సిల్: ఐఎఫ్ఎస్ తీసేసి కమాను కట్టలు వేసే పని, మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలో రాళ్ల దారుల్లో బండి నడిపేవాళ్లు టయోటా 4x4 పికప్‌లను రెండు రకాలుగా చూస్తారు. 1979 నుంచి 1985 మోడల్ దాకా వచ్చిన వాటికి ముందు చక్రాల మధ్య ఒకే గట్టి యాక్సిల్ (సాలిడ్ యాక్సిల్), దాని మీద కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటాయి. 1986 మోడల్ నుంచి టార్షన్ బార్లతో (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలతో), ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ ఫ్రంట్ సస్పెన్షన్ వచ్చింది. దాన్నే ఐఎఫ్ఎస్ అంటారు. రోడ్డు మీద అది సుఖంగానే ఉంటుంది, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేవాడికి ఫిర్యాదేమీ ఉండదు. కాలిఫోర్నియాలోని రాళ్ల దారి రూబికాన్ ట్రెయిల్ లాంటి చోట ఒక చక్రం బండరాయి మీదికి ఎక్కి రెండోది గుంటలో వేలాడాల్సి వచ్చినప్పుడు మాత్రం చక్రం కదిలే దూరం చాలదు, సీవీ జాయింట్లు విరుగుతాయి, స్టీరింగ్‌లోని ఐడ్లర్ ఆర్మ్ వదులైపోతుంది. ఆస్ట్రేలియాలో హైలక్స్ (ఇదే పికప్‌కు అక్కడి పేరు) 4x4 మోడళ్లు కొన్ని 1997 దాకా సాలిడ్ యాక్సిల్‌తోనే అమ్ముడయ్యాయి. అమెరికాలో ఆ వీలు లేకపోయింది కాబట్టి, 1986–95 పికప్‌కు పాత యాక్సిల్ బిగించుకోవడం అక్కడ దశాబ్దాలుగా నడుస్తున్న పని.

ఇది వెల్డింగ్ పని అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ఇది కొలతల పని. క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కు వాలే కోణం), పినియన్ కోణం (డిఫరెన్షియల్ ముక్కు ఎటు చూస్తుందో అది), డ్రాగ్ లింక్ కోణం (స్టీరింగ్ బాక్సును చక్రానికి కలిపే కడ్డీ వాలు), ఈ మూడూ కుదిరితే వెల్డింగ్ ఎవరిచేతనైనా చేయించుకోవచ్చు. ఇవి కుదరకపోతే ఎంత అందమైన వెల్డింగ్ వేసినా బండి హైవే మీద నిలవదు.

ముందు అసలు చేయాలా వద్దా

ఇసుక తిన్నెల్లో, ఎడారి దారుల్లో వేగంగా పోవడమే మీ సరదా అయితే ఈ పని చేయకండి. అక్కడ ఐఎఫ్ఎస్సే మేలు. సాలిడ్ యాక్సిల్ బరువంతా చక్రాలతో పాటు ఎగిరెగిరి పడుతుంది. నెమ్మదిగా రాళ్లెక్కడం మీకు ఇష్టమై, 33 నుంచి 35 అంగుళాల టైర్లు వేయాలనుకుంటే ఇది సరైన పని. 37 దాటితే టయోటా యాక్సిల్ మీద ఆశ వదులుకుని డానా 60 లాంటి పెద్దవాటి వైపు చూడాలి. అది వేరే బడ్జెట్, వేరే కథ.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోండి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. కాలిఫోర్నియాలో 4,501 నుంచి 7,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (లోడుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు) ఉన్న ట్రక్కుకు నేల నుంచి ఫ్రేమ్ ఎత్తు 30 అంగుళాలు దాటకూడదు. 4,500 లోపు ఉంటే 27 అంగుళాలే. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పి ఉంచండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతూ పాత థార్ సీఆర్‌డీఈ గురించి ఆలోచిస్తున్నవాళ్లకు ఒక మాట. దాని ముందు కూడా టార్షన్ బార్ ఐఎఫ్ఎస్సే, మార్చే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సొంత పొలంలోనో ఆఫ్‌రోడ్ ట్రాక్‌లోనో తిప్పే బండి అయితే మీ ఇష్టం. రోడ్డెక్కించాలంటే పాత మారుతి జిప్సీయో, జిమ్నీయో కొనుక్కోవడం తేలిక, వాటికి కంపెనీ నుంచే సాలిడ్ యాక్సిల్ వస్తుంది.

ఏ యాక్సిల్, ఏ సామాను

1986–95 పికప్‌కు అన్నిటికంటే సులువుగా కుదిరేది 1979–85 పికప్, లేదా 1984–85 ఫోర్‌రన్నర్ ముందు యాక్సిల్. రెండు కాలాల బండ్లలోనూ ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) ముందు అవుట్‌పుట్ కుడివైపే ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్ సరిగ్గా దాని ఎదురుగా వస్తుంది. 1995లో దీని స్థానంలో వచ్చిన టకోమా పికప్‌కు ఇది ఎడమవైపు ఉంటుంది. అందుకే టకోమా ఉన్నవాళ్లు ఈ యాక్సిల్‌ను కళ్లు మూసుకుని కొనకూడదు.

పాత యాక్సిల్ వెడల్పు ఐఎఫ్ఎస్ బండి వెనక యాక్సిల్ కంటే దాదాపు మూడు అంగుళాలు తక్కువ. దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. పక్కకు ఒకటిన్నర అంగుళం చొప్పున వీల్ స్పేసర్లు వేయడం ఒకటి. మీ బండి నుంచి తీసిన ఐఎఫ్ఎస్ హబ్బులనే సాలిడ్ యాక్సిల్ నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్క) మీదికి ఎక్కించడం రెండోది. రెండోదే నాకు నచ్చుతుంది. సామాను మీ దగ్గరే ఉంది, అదనపు బోల్టులు వదులవుతాయన్న బెంగ ఉండదు.

గేర్ రేషియో ముందూ వెనకా ఒకటే ఉండాలి. ఇందులో రాజీ లేదు. ముందు 4.10, వెనక 4.30 పెట్టి గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ ఊరుకోదు. అమ్మేవాడి మాట వినకుండా యాక్సిల్‌ను ఎత్తి పెట్టి, రెండు చక్రాలను కలిపి ఒక చుట్టు తిప్పి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 35 అంగుళాల టైర్లకు ఎలాగూ 4.88 గానీ 5.29 గానీ వేయక తప్పదు. క్రౌన్, పినియన్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడే పెట్టేయడం మంచిది.

హ్యాంగర్లు (కమాను కొసను ఫ్రేమ్‌కు పట్టే బ్రాకెట్లు), షాకిళ్లు (కమాను కొస ఊగడానికి వేసే లింకులు), స్ప్రింగ్ సీట్లు, స్టీరింగ్ ఆర్ములు అన్నీ కలిపి కిట్లుగా దొరుకుతాయి. మార్లిన్ క్రాలర్, ట్రెయిల్-గేర్, ఆల్-ప్రో ఈ రంగంలో అందరికీ తెలిసిన పేర్లు. మూడు లేదా నాలుగు అంగుళాల లిఫ్ట్ ఇచ్చే కమాను కట్టలు చాలు. ఎత్తు పెరిగేకొద్దీ కోణాలన్నీ పాడవుతాయి.

విప్పకముందే కొలవండి

బండిని సమతలమైన కాంక్రీటు మీద నిలబెట్టి, టైర్లలో గాలి సమానంగా ఉంచి, స్టీరింగ్ నిటారుగా పెట్టండి. ముందు చక్రం మధ్యబిందువు నుంచి ఫ్రేమ్ మీదికి మూలమట్టంతో ఒక గీత తీసుకురండి, రెండో వైపూ అంతే. ఆ గీతను మార్కర్‌తో గీసి వదిలేయకండి, గ్రైండర్ తగిలితే పోతుంది. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి. తర్వాత వచ్చే ప్రతి కొలతా ఆ రెండు గుంటల నుంచే మొదలవుతుంది.

ఇవి కూడా రాసుకోండి: నాలుగు మూలల్లో నేల నుంచి ఫ్రేమ్ ఎత్తు, ఫ్రేమ్ వాలు ఎన్ని డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు ఫ్లాంజ్ కోణం, ఆయిల్ పాన్ అడుగు నుంచి నేలకు ఉన్న దూరం. ఒక డిజిటల్ యాంగిల్ గేజ్ కొనుక్కోండి. రసమట్టంతో కూడా అవుతుంది గానీ అర డిగ్రీ తేడాను అది పట్టదు.

పెద్ద టైర్లు వేసేవాళ్లు చాలామంది యాక్సిల్‌ను అసలు చోటు కంటే ఒక అంగుళం ముందుకు జరుపుతారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెనక ఉన్న బాడీ అంచుకు రాసుకోకుండా ఉండడానికి. అంగుళానికి మించి జరపాలంటే బంపర్, స్టీరింగ్ బాక్స్ రెంటినీ మళ్లీ ఆలోచించాలి.

ఈ దశలోనే సుత్తి తీసుకుని ఫ్రేమ్ అంతా తట్టి చూడండి. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన టయోటా ఫ్రేమ్‌లను లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. ఠంగుమనాల్సిన చోట మొద్దుగా మోగితే ముందు ఫ్రేమ్ సంగతి చూసుకోవాలి. తుప్పు రేకు మీద హ్యాంగర్ వెల్డ్ చేసి దాని మీద మనిషి ప్రాణం పెట్టకూడదు.

పాతది తీసేయడం

బ్యాటరీ కనెక్షన్లు విప్పేయండి. వెల్డింగ్ కరెంటుకు ఆల్టర్నేటర్, కంప్యూటర్ పోయే ప్రమాదం ఉంది. బండిని ఫ్రేమ్ కింద, క్యాబిన్‌కు కాస్త వెనగ్గా, బలమైన జాక్ స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. బ్రేక్ పైపులు, పెట్రోలు పైపులు ఏ పట్టీ మీద ఎటు పోతున్నాయో ఫోటోలు తీసి, కోసే చోటు నుంచి పక్కకు కట్టేయండి.

టార్షన్ బార్లలో చక్రాలు వేలాడుతున్నప్పుడు కూడా బిగువు మిగిలి ఉంటుంది. సర్దుబాటు బోల్టును పూర్తిగా వదులు చేసి, ఆర్ము లూజుగా ఆడుతోందని చేత్తో చూసుకున్నాకే మిగతావి విప్పండి. తర్వాత హాఫ్ షాఫ్టులు, కంట్రోల్ ఆర్ములు, డిఫరెన్షియల్, స్టీరింగ్ లింకులు వరసగా వచ్చేస్తాయి. హబ్బులు, బ్రేక్ క్యాలిపర్లు దాచండి.

ఇప్పుడు కోత. గ్యాస్ కటింగ్, ప్లాస్మా, గ్రైండర్ ఏదైనా ఫరవాలేదు. బ్రాకెట్‌ను ఫ్రేమ్‌కు ఆనించి కోయకండి. అర సెంటీమీటరు వదిలి కోసి, మిగిలింది గ్రైండర్‌తో నున్నగా తీయండి. ఫ్రేమ్ గోడ పలచన, దాన్ని తినేస్తే బాగుచేయడం పెద్ద పని. ఇంజన్ మౌంటు బ్రాకెట్లు పక్కనే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. ఇంజన్ కింద ఉన్న క్రాస్‌మెంబర్ తీసేముందు రెండు ఫ్రేమ్ రైళ్ల మధ్య ఒక పైపును టాక్ (తాత్కాలికంగా పెట్టే చిన్న చుక్క వెల్డింగ్) వేసి బిగించండి. లేదంటే రైళ్లు కొద్దిగా విచ్చుకోవచ్చు, మీ కొలతలన్నీ అక్కడే చెడతాయి.

యాక్సిల్‌ను బయటే సిద్ధం చేయడం

పాత యాక్సిల్‌ను ఉన్నది ఉన్నట్టు బిగించకండి. నలభై ఏళ్ల సామాను అది. నకిల్స్ విప్పి ట్రనియన్ బేరింగులు (నకిల్ తిరిగే బేరింగులు), లోపలి ఆయిల్ సీళ్లు, వైపర్ సీళ్లు మార్చండి. బర్ఫీల్డ్ జాయింట్లు (చక్రం మలుపు తిరిగినా దానికి శక్తి అందించే జాయింట్లు) శుభ్రం చేసి మాలిబ్డినం గ్రీజు దట్టంగా పెట్టండి. బేరింగ్ బిగువును షిమ్ములతో సరిచేయాలి. స్ప్రింగ్ తూకం కొక్కేన్ని స్టీరింగ్ ఆర్ము చివర తగిలించి లాగితే నకిల్ సుమారు 3–6 కేజీల లాగుడుకు కదలాలి. వైపర్ సీళ్లు వేయకముందే ఈ పరీక్ష చేయండి. వీల్ బేరింగ్ నట్టుకు 54 ఎంఎం సాకెట్ కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్కసారికి మానుకోండి.

స్టీరింగ్ ఆర్ములను పట్టుకునే నకిల్ స్టడ్లు ఈ యాక్సిల్‌కు పేరుమోసిన బలహీనత. ఏఆర్‌పీ స్టడ్లు వేసి, కోన్ వాషర్లు సరిగ్గా కూర్చున్నాయో చూసి, టార్క్ రెంచితో బిగించండి. హౌసింగ్ మీద పైన ఒక ట్రస్, నకిల్ బంతుల దగ్గర గసెట్లు వెల్డ్ చేస్తే 35 అంగుళాల టైర్ల బరువుకు వంగదు. ఒకే చోట ఆపకుండా వెల్డ్ చేస్తే హౌసింగ్ అరటికాయలా వంగుతుంది. అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వేసి చల్లారనివ్వండి. లాకర్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేలా డిఫరెన్షియల్‌ను కట్టేసే పరికరం) కూడా వేసేవాళ్లు లాంగ్‌ఫీల్డ్ లాంటి క్రోమోలీ బర్ఫీల్డులకు డబ్బు దాచుకోవాలి.

కమాను కట్టలు, హ్యాంగర్లు

కిట్లలో ఎక్కువగా కనిపించే అమరిక ఇది: కమాను ముందు కన్ను స్థిరమైన హ్యాంగర్‌లో, వెనక కన్ను షాకిల్‌లో. పాత టయోటాలో కంపెనీ పెట్టింది దీనికి తిరగేసి, షాకిల్ ముందుండేది. షాకిల్ వెనక ఉంటే రాయి తగిలినప్పుడు చక్రం వెనక్కు, పైకి పోతుంది కాబట్టి దెబ్బ తక్కువ తెలుస్తుంది. దాని బదులు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కువ దూరం జరగాల్సి వస్తుంది.

ముందు హ్యాంగర్‌ను ఫ్రేమ్ కొమ్ముల (ముందుకు పొడుచుకొచ్చిన కొసల) కింద క్లాంపులతో పట్టించి, మీ సెంటర్ పంచ్ గుంట నుంచి లెక్కకట్టి టాక్ వేయండి. టాక్ అంటే టాకే, పూర్తి వెల్డింగ్ ఇప్పుడు కాదు. కమానులు, యాక్సిల్ యూ బోల్టులతో తాత్కాలికంగా కట్టి, షాకిల్ హ్యాంగర్‌ను కూడా టాక్ వేసి, బండిని నెమ్మదిగా చక్రాల మీదికి దించండి. ఇంజన్, బంపర్, వించ్ అన్నీ వాటి చోట్లలో ఉండాలి. బరువు పడ్డాక కమాను సాగి షాకిల్ కింది కొస వెనక్కు జరుగుతుంది. అప్పుడు ఆ కొస పై కొస కంటే కాస్త వెనక్కు వాలి ఉండాలి. ముందుకు వాలి ఉంటే గతుకు వచ్చిన ప్రతిసారీ షాకిల్ ముందు నిటారుగా లేచి, ఆ తర్వాతే వెనక్కు పోవాలి. బండి దడదడలాడుతుంది. హ్యాంగర్‌ను విప్పి జరపండి, టాకులే కదా.

తర్వాత యాక్సిల్ వంకర లేకుండా కూర్చుందో చూడాలి. ఎడమ కమాను సెంటర్ బోల్టు నుంచి కుడి వెనక యాక్సిల్ మీద ఒక గుర్తుకు, కుడి నుంచి ఎడమకు. ఈ రెండు మూల కొలతల తేడా 3 ఎంఎం మించకూడదు. యాక్సిల్ ఫ్రేమ్‌కు మధ్యలో ఉందో లేదో తూకం గుండు వేలాడదీసి చూడండి.

క్యాస్టర్, పినియన్: ఇక్కడ రెండు రోజులు పోయినా ఫరవాలేదు

స్ప్రింగ్ సీట్లను యాక్సిల్ మీద వెల్డ్ చేయకముందు హౌసింగ్‌ను తిప్పి చూసుకోవచ్చు. నకిల్ పైభాగాన్ని కాస్త వెనక్కు వాలిస్తే వచ్చే కోణమే క్యాస్టర్. 33–35 టైర్లకు 4 నుంచి 6 డిగ్రీలు ఉంటే స్టీరింగ్ వదిలినప్పుడు దానంతట అది మధ్యకు వస్తుంది. రెండు డిగ్రీల దగ్గర ఆపితే హైవేలో బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. మరీ తక్కువైతే చక్రాలు వణకడం మొదలవుతుంది.

చిక్కు ఎక్కడంటే, క్యాస్టర్ పెంచడానికి హౌసింగ్‌ను తిప్పితే పినియన్ ముక్కు కిందికి వంగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివర్లా మామూలు క్రాస్ జాయింట్లు ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. పైన డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాస్‌లు కలిపిన జాయింట్) ఉంటే పినియన్ నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. మూడు, నాలుగు అంగుళాల లిఫ్ట్‌లో రెంటికీ మధ్య రాజీ దొరుకుతుంది. అయిదు దాటితే దొరకదు. అప్పుడు హౌసింగ్ చివర నకిల్ బంతి వెల్డింగ్ కోసి, బంతిని విడిగా తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. ఇది చేయి తిరిగిన వెల్డర్ పని, రెండు వైపులా ఒకే డిగ్రీ రావాలి. ఫ్రంట్ షాఫ్ట్ ఫోర్‌వీల్‌లో నెమ్మదిగా వెళ్లినప్పుడే బరువు మోస్తుంది, క్యాస్టర్ మాత్రం మీరు రోడ్డు మీద ఉన్నంతసేపూ పనిచేస్తుంది. రెంటిలో ఒకదాన్ని వదులుకోవాల్సి వస్తే నేను పినియన్‌ను వదులుకుంటాను. లాకింగ్ హబ్బులు తెరిచి ఉంచితే హైవేలో ఆ షాఫ్ట్ తిరగదు కదా.

కోణాలన్నీ బరువు మీద ఉండగా మళ్లీ కొలిచి, రాసుకుని, అప్పుడు పూర్తి వెల్డింగ్. ఫ్రేమ్‌కు నిలువుగా ఒకే గీతలో వెల్డ్ వేయకండి, అక్కడే పగులుతుంది. హ్యాంగర్ల వెనక కొసలు వాలుగా కోసిన పట్టీ ప్లేట్లు వేసి బరువును పంచండి.

స్టీరింగ్

ఐఎఫ్ఎస్ బండి కావడంలో ఉన్న ఒకే ఒక్క అదృష్టం దాని స్టీరింగ్ బాక్స్. దాని పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి బయటికి వచ్చే ఆర్ము) పక్కలకు ఊగుతుంది కాబట్టి, ఎడమ నుంచి కుడి చక్రానికి అడ్డంగా కడ్డీ వేసే క్రాసోవర్ స్టీరింగ్‌కు సరిపోతుంది. పాత సాలిడ్ యాక్సిల్ బండ్లున్నవాళ్లే ఈ బాక్సును వెతుక్కుని కొంటారు. నకిల్స్ పైన హై-స్టీర్ ఆర్ములు (స్టీరింగ్ కడ్డీలను ఎత్తులో పట్టే ఆర్ములు) వేసి, డ్రాగ్ లింక్‌ను పిట్‌మన్ ఆర్మ్ నుంచి కుడి నకిల్ ఆర్ముకు కలపాలి. టై రాడ్ కమానుల పైనుంచి రెండు నకిల్స్‌ను కలుపుతుంది.

డ్రాగ్ లింక్ ఎంత చదునుగా ఉంటే అంత మంచిది. నిట్రంగా వాలితే గతుకు తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ చక్రం దానంతట అది తిరుగుతుంది. చదును చేయడానికి సాధారణంగా బాక్సును ముందుకు జరపాల్సి వస్తుంది, చదునైన పిట్‌మన్ ఆర్మ్ వేయాల్సి వస్తుంది. బాక్సు బోల్టులు ఫ్రేమ్ లోపలి నుంచి పోయే చోట ఉక్కు స్లీవ్‌లు వెల్డ్ చేయండి. లేకపోతే బిగించేకొద్దీ ఫ్రేమ్ గోడలు నలిగి లోపలికి పోతాయి, ఏడాదికల్లా బాక్సు చుట్టూ పగుళ్లు కనిపిస్తాయి.

బాక్సును ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి చుట్లు లెక్కపెట్టి సరిగ్గా సగంలో ఆపండి. చక్రాలు నిటారుగా పెట్టి అప్పుడు డ్రాగ్ లింక్ పొడవు తేల్చండి. నకిల్ స్టాప్ బోల్టులు బాక్సు చివరి చుట్టు కంటే కాస్త ముందే తగలాలి, టైరు కమానుకు రాసుకోకూడదు.

మిగిలినవి

షాక్ అబ్జార్బర్లకు ఫోర్డ్ ఎఫ్-250 టవర్లు చవగ్గా దొరుకుతాయి, చాలామంది వేసేవి అవే. బంప్ స్టాప్ తగిలాక కూడా షాక్‌లో ఒక అంగుళం మిగిలి ఉండాలి, పూర్తిగా వేలాడినప్పుడూ అంతే. ఒక వైపు జాకీతో ఎత్తి పూర్తిగా నొక్కి చూడండి: టై రాడ్ ఆయిల్ పాన్‌కు తగులుతోందా, డిఫరెన్షియల్ ఇంజన్‌ను తాకుతోందా. తాకితే బంప్ స్టాప్ పొడవు పెంచండి, ఆయిల్ పాన్‌ను సుత్తితో సరిచేయాలన్న ఆలోచన వద్దు.

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను అన్నీ అయ్యాకే కొలవండి. బండి నిలబడినప్పుడు ఒక కొలత, యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు ఒకటి, పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఒకటి. మూడూ షాఫ్ట్ చేసేవాడికి ఇచ్చి పొడవైన స్లిప్ అడగండి. బ్రేక్ హోసులు కూడా పూర్తి వేలాడుడుకు సరిపోవాలి. వెనక యాక్సిల్ దగ్గర బరువును బట్టి బ్రేక్‌ను సర్దే వాల్వు ఉంటుంది. వెనక కూడా ఎత్తు పెంచితే దాని రాడ్డును కొత్త ఎత్తుకు సర్దకపోతే వెనక బ్రేకులు సరిగా పట్టవు. డిఫరెన్షియల్ బ్రీదర్ గొట్టాన్ని ఇంజన్ గదిలోకి ఎత్తుగా లాగండి, వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి పోకుండా.

టో-ఇన్ (టైర్ల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 1.5 నుంచి 3 ఎంఎం చాలు. టేపుతో టైర్ల ముందు, వెనక కొలిచి ఇంట్లోనే పెట్టుకోవచ్చు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) హౌసింగ్‌తోనే వస్తుంది, సర్దేది ఏమీ లేదు. హెడ్‌లైట్లు మళ్లీ దించి పెట్టండి, స్పీడోమీటర్ టైరు సైజును బట్టి తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి.

మొదటిసారి నడిపేటప్పుడు ఖాళీ పార్కింగ్ స్థలంలో 20 మైళ్ల వేగం దాటకుండా బ్రేకులు, పూర్తి స్టీరింగ్ తిప్పుడు చూసుకోండి. 50 మైళ్లు తిరిగాక యూ బోల్టులు, నకిల్ స్టడ్లు, పిట్‌మన్ నట్టు, స్టీరింగ్ బాక్సు బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, 300 మైళ్ల తర్వాత ఇంకోసారి. కమాను ఆకులు సర్దుకునేకొద్దీ యూ బోల్టులు తప్పకుండా వదులవుతాయి. 45–50 మైళ్ల వేగం దగ్గర స్టీరింగ్ వణికితే డ్యాంపర్ కొని తగిలించి దాన్ని కప్పిపుచ్చకండి. ముందు టైరు బ్యాలెన్స్, తర్వాత ట్రనియన్ బేరింగ్ బిగువు, తర్వాత టై రాడ్ ఎండ్లు, ఆఖరున క్యాస్టర్, ఈ వరసలో చూస్తూ పోండి.